ఎనిమిదింటికల్లా బాక్సులు సర్దాలంటే: వంటింటి యంత్రాలపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పొద్దున ఆరింటికీ ఎనిమిదింటికీ మధ్య వంటింట్లో జరిగే హడావుడి గురించే. కుక్కరు, మిక్సీ, ఫ్రిజ్, ఇండక్షన్ పొయ్యి లేనిదే ఆ రెండు గంటలు గడవని ఇళ్ళు ఇప్పుడు పట్నాల్లోనే కాదు, పల్లెల్లోనూ చాలానే ఉన్నాయి. ఇవన్నీ మన పని తగ్గించేవే. కానీ పప్పు ఉడకడానికో పిండి పొంగడానికో పట్టే సమయం కొంత ఉంటుంది, దాన్ని మనం కుదించలేం. పాడైన యంత్రాల గురించి, పాడైన వంటల గురించి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కారణం అక్కడే కనిపించింది.

ప్రశ్న: మా ఐదు లీటర్ల కుక్కర్లో అడుగున కందిపప్పు, దాని మీద గిన్నెలో బియ్యం పెట్టి ఒకేసారి వండుతాను. విజిల్ రాకముందే మూత చుట్టూ ఆవిరి పోతోంది. విజిల్ వచ్చాక పప్పు నీళ్ళు చిమ్మి స్టవ్వంతా పసుపు అవుతోంది. త్వరగా అవుతుందని పెద్ద మంట మీదే ఉంచుతున్నాను. కొత్త కుక్కర్ కొనాల్సిందేనా? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

కొత్తది అక్కర్లేదు. మీరు రాసినవి రెండు వేర్వేరు లోపాలు, రెండూ ఇంట్లోనే సరిచేసుకోవచ్చు.

మూత చుట్టూ ఆవిరి పోతోందంటే గ్యాస్కెట్ పని అయిపోయింది. దాన్ని తీసి, కడిగి, వేళ్ళతో కొద్దిగా సాగదీసి చూడండి. గట్టిపడినా, చిన్న పగుళ్ళు కనిపించినా, మూతలో వదులుగా కూర్చుంటున్నా మార్చేయాలి. కొనేటప్పుడు కుక్కర్ కంపెనీ, లీటర్లు, మూత లోపలికి వెళ్ళే రకమా బయట బిగించే రకమా అన్నది షాపులో చెప్పండి. పాత గ్యాస్కెట్ తీసుకెళ్ళి పోల్చుకోవడం ఇంకా మంచిది. ఈ పూటకు గడవాలంటే పాతదాన్ని అరగంట ఫ్రీజర్లో పెట్టండి. రబ్బరు కొద్దిగా బిగుసుకుని ఒక వంటకు పట్టు ఇస్తుంది. రోజూ అలా నెట్టుకురావద్దు. కొత్త గ్యాస్కెట్ వేసినా ఆవిరి పోతుంటే కుక్కర్ అంచు చూడండి. పప్పు కలిపిన గరిటెను ఆ అంచు మీద కొట్టి దులిపే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. దానివల్ల అంచుకు సన్నని నొక్కులు పడతాయి, ఇక ఏ గ్యాస్కెట్టూ పట్టదు.

పప్పు నీళ్ళు చిమ్మడానికి కారణం కొలత, మంట. కూరగాయలు, మాంసం అయితే కుక్కర్లో మూడింట రెండు వంతుల వరకు నింపవచ్చు. పప్పులు, బియ్యం నురుగు కట్టి ఉబ్బుతాయి కాబట్టి నీళ్ళతో కలిపి సగం దాటకూడదు. మీ కుక్కర్‌కు ఆ లెక్క రెండున్నర లీటర్లు. పప్పును నేరుగా అడుగున పోయకుండా అదీ ఒక గిన్నెలో పెట్టండి, కుక్కర్ అడుగున రెండు గ్లాసుల నీళ్ళు పోయండి. గ్లాసు పప్పుకు మూడు గ్లాసుల నీళ్ళు, అర చెంచా నూనె. నూనె వల్ల నురుగు తగ్గుతుంది. చింతపండు, టమాటా పప్పు ఉడికాకే వేయండి, పులుపు తగిలితే పప్పు త్వరగా మెత్తబడదు.

ఇక మంట. కుక్కర్లో ఆవిరి పూర్తిగా నిండాక లోపల వేడి సుమారు 120 డిగ్రీల దగ్గర నిలబడుతుంది. ఆ పైన పుట్టే ఆవిరిని వెయిట్ లేచి బయటికి వదిలేస్తుంది. కాబట్టి మొదటి విజిల్ తర్వాత పెద్ద మంట పెట్టినా పప్పు ఒక్క నిమిషం కూడా ముందు ఉడకదు, గ్యాస్, నీళ్ళు మాత్రం ఖర్చవుతాయి. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి గడియారం చూసుకోండి. అరగంట నానిన కందిపప్పుకు 8 నుంచి 10 నిమిషాలు చాలు. బియ్యాన్ని నానబెట్టకుండా కడిగి వెంటనే పెడితే రెండూ ఇంచుమించు ఒకేసారి తయారవుతాయి. "మూడు విజిల్స్" అన్న లెక్క మంటను బట్టి, నీళ్ళను బట్టి మారిపోతుంది. పక్కింటి వాళ్ళ మూడు విజిల్స్ మీ స్టవ్ మీద ఐదు కావచ్చు.

దించగానే వెయిట్ ఎత్తేసి ఆవిరి వదలడం మాత్రం మానేయండి. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే 120 డిగ్రీల పప్పు లోపల కుతకుతమని మరిగి ఆ రంధ్రం గుండానే పైకి చిమ్ముతుంది. చేతులు, ముఖం కాలేది ఎక్కువగా ఇలాగే. ఆవిరి దానంతట అది దిగడానికి ఎనిమిది, పది నిమిషాలు పడుతుంది. ఆ సమయంలోనూ పప్పు ఉడుకుతూనే ఉంటుంది కనుక దాన్ని వంట లెక్కలోనే వేసుకోండి. నిజంగా తొందరైతే కుక్కర్‌ను సింకులో పెట్టి పక్కల మీద పంపు నీళ్ళు సన్నగా వదలండి, వెయిట్ మీద పడనివ్వకండి.

మూత పెట్టే ముందు ప్రతిసారీ వెయిట్ కూర్చునే గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూడాలి. ఆవల వెలుగు కనిపించకపోతే పప్పు తొక్క అడ్డుపడిందని అర్థం, సూదితో తీసేయండి. గొట్టం మూసుకుపోయినా, నీళ్ళు ఇంకిపోయి కుక్కర్ మాడినా చివరి రక్షణ సేఫ్టీ వాల్వే. అందులోని లోహం వేడికి కరిగి ఆవిరికి దారి ఇస్తుంది. ఒకసారి పోయిన వాల్వ్ స్థానంలో అదే కంపెనీ వాల్వ్ వేయించండి. ఏదో ఒక బోల్టు బిగించి పంపే రిపేర్లు మా దృష్టికి వచ్చాయి. ఆ కుక్కర్‌ను దయచేసి స్టవ్ ఎక్కించకండి.

ప్రశ్న: మిక్సీలో ఇడ్లీ పిండి రుబ్బుతుంటే మధ్యలో ఆగిపోయింది. కాలిన వాసన కూడా వచ్చింది. మోటారు పోయినట్టేనా? (ఒక పాఠకుడు, విజయనగరం)

ముందు ప్లగ్ తీసి, జార్ దించి, మిక్సీని బోర్లించండి. అడుగున చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. భారం ఎక్కువై మోటారు వేడెక్కితే అది బయటికి వచ్చి కరెంటు ఆపేస్తుంది. అరగంట చల్లారనిచ్చి బటన్ లోపలికి నొక్కి, ఖాళీ జార్‌తో ఒకసారి తిప్పి చూడండి. తిరిగితే మోటారు క్షేమం. ఖాళీగా తిప్పినా వాసన, పొగ వస్తుంటే ఇక వాడకండి, మెకానిక్‌కు చూపించండి.

మళ్ళీ అలా జరగకుండా జార్‌లో సగానికి మించి పప్పు వేయకండి. నిమిషం తిప్పి, నిమిషం ఆపి, గరిటెతో కలిపి మళ్ళీ తిప్పండి. మిక్సీ ఎక్కువ వేగంతో తక్కువ సేపు పని చేసేందుకు చేసిన యంత్రం. ఇరవై నిమిషాలు ఏకబిగిన రుబ్బే పని దానిది కాదు.

జార్ కింద నల్లటి పొడి కనిపిస్తే జార్‌ను మోటారుతో కలిపి తిప్పే కప్లర్ అరిగిపోతోంది. దాన్ని మార్చడం ఐదు నిమిషాల పని. జార్ అడుగు నుంచి నీళ్ళు కారుతుంటే మాత్రం అశ్రద్ధ వద్దు. బ్లేడు కింది బుష్, సీలు అరిగిపోయి ఆ తడి మోటారులోకి దిగుతుంది, అసలు నష్టం అప్పుడే. మరో మాట: వేయించిన ఉల్లిపాయ, టమాటా వేడి మీద జార్‌లో వేసి మూత బిగించి తిప్పకండి. లోపల ఆవిరి పుట్టి మూతను ఎగదన్నుతుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి పొంగేది. చికాగోలో చలికాలం రెండు రోజులైనా కదలడం లేదు. మా చెల్లి హైదరాబాద్ నుంచి వేసవిలో తన పిండి తెల్లారేసరికి పుల్లబడిపోతోందని అంటోంది. ఇద్దరం ఒకే కొలత వాడుతున్నాం. (ఒక పాఠకురాలు, చికాగో)

కొలత మారలేదు, వేడి మారింది. పిండిని పొంగించేది మినప్పప్పును అంటిపెట్టుకుని వచ్చే సూక్ష్మజీవులు. వాటికి 28 నుంచి 32 డిగ్రీల మధ్య బాగా నచ్చుతుంది. హీటర్ ఉన్న ఇంట్లో కూడా మీ వంటగట్టు 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది, హైదరాబాద్ వంటిల్లు ఏప్రిల్లో 35 దాటుతుంది. అందుకే ఒకరికి ఆలస్యం, ఒకరికి పులుపు.

ముందు రుబ్బే పద్ధతి. ఒక గ్లాసు మినపగుళ్ళకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. గుళ్ళను ఒకటి రెండుసార్లు మాత్రమే కడిగి నాలుగు గంటలు నానబెట్టండి. అరడజను సార్లు కడిగితే ఆ జీవులు చాలావరకు కొట్టుకుపోతాయి. రుబ్బేటప్పుడు బాగా చల్లని నీళ్ళు కొద్దికొద్దిగా చిలకరించండి. మిక్సీ అయితే రెండు ఐసు ముక్కలు వేయండి. వేడెక్కిన పిండి జిగురుగా అవుతుంది, గాలి పట్టదు, ఇడ్లీ గట్టిపడుతుంది. గ్రైండర్లో రాళ్ళు నెమ్మదిగా తిరుగుతాయి కాబట్టి పిండి చల్లగానే ఉండి, వెన్నలా పొంగి వస్తుంది. భౌగోళిక గుర్తింపు పొందిన కోయంబత్తూరు గ్రైండర్లకు ఇప్పటికీ గిరాకీ తగ్గకపోవడానికి ఇదే కారణం. వారానికి రెండుసార్లు ఇడ్లీ, దోసె చేసే ఇంట్లో రెండు లీటర్ల గ్రైండర్ దండగ కాదని మా అభిప్రాయం. చిన్న ముద్ద తీసి నీళ్ళలో వేయండి, తేలితే రుబ్బడం చాలు. రవ్వను విడిగా కడిగి, నీళ్ళు గట్టిగా పిండి, రుబ్బిన పప్పులో చేత్తో కలపండి.

చికాగోలో: పిండిని సగం గిన్నె వరకే పోసి, మూత వదులుగా పెట్టి, ఓవెన్లో ఉంచండి. ఓవెన్ వెలిగించకండి, లోపలి లైటు మాత్రం వేయండి. ఆ బల్బు వేడి చాలా ఓవెన్లలో సరిపోతుంది. 12 నుంచి 16 గంటల్లో పిండి రెట్టింపవుతుంది. కొత్త ఓవెన్లలో ఎల్‌ఇడి బల్బులుంటాయి, వాటికి వేడి రాదు. అలాంటప్పుడు కింది అరలో ఒక గిన్నెడు మరిగిన నీళ్ళు పెట్టి, చల్లారినప్పుడల్లా మార్చండి. ఓవెన్ తలుపు మీద ఒక కాగితం అంటించండి. లోపల పిండి ఉన్న సంగతి తెలియక ఇంట్లో ఇంకొకరు ఓవెన్ వేసేస్తే గిన్నె, మూతతో సహా అన్నీ పాడవుతాయి.

హైదరాబాద్‌లో: రాత్రి ఎనిమిదింటికి రుబ్బి పొద్దున ఆరుదాకా బయట ఉంచితే వేసవిలో పది గంటలు చాలా ఎక్కువ. పడుకునే ముందు, అంటే పదకొండింటికి రుబ్బి ఉంచండి. లేదా సాయంత్రమే రుబ్బి, ఐదారు గంటల్లో పొంగగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఉప్పు పొద్దున కలపండి. ఫ్రిజ్‌లోని పిండిని ఏ పూటకు కావలసినంత ఆ పూటకు వేరే గిన్నెలోకి తీసుకోండి. మొత్తం గిన్నె బయట పెట్టి, కలిపి, మళ్ళీ లోపల పెడుతుంటే మూడో రోజుకే పులుపెక్కుతుంది.

ప్రశ్న: ఇద్దరం ఐటీ ఉద్యోగులం. ఆదివారం వారానికి సరిపడా కూరలు, అన్నం వండి ఫ్రిజ్‌లో పెట్టేస్తున్నాం. గురువారానికి రుచి, వాసన మారిపోతున్నాయి. ఒకసారి ఇద్దరికీ వాంతులయ్యాయి. ఎక్కడ పొరపాటు? (ఒక పాఠకుడు, బెంగళూరు)

మీరు పెద్ద గిన్నెలో వండి, అది చల్లారేదాకా గట్టు మీద ఉంచి, ఏ రాత్రికో ఫ్రిజ్‌లో పెడుతున్నారని మీ ఉత్తరం చదివితే అనిపిస్తోంది. అదే అయితే చిక్కు అక్కడే. వండిన పదార్థం 60 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకు దిగే మధ్యకాలంలోనే క్రిములు పెరుగుతాయి. లోతైన గిన్నెలో నాలుగు గ్లాసుల బియ్యపు అన్నం నడిమధ్య గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది.

అన్నం విషయంలో మరీ జాగ్రత్త. బియ్యంలో సహజంగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. తడిగా, వెచ్చగా నిలవున్న అన్నంలో అవి మొలకెత్తి విషం తయారు చేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అందువల్ల రాత్రంతా గట్టు మీద ఉన్న అన్నాన్ని పొద్దున పోపు పెట్టి పులిహోరో, ఫ్రైడ్ రైసో చేస్తే అది సురక్షితం అయిపోదు. మీ వాంతులకు ఇదే కారణమని చదివినంత మాత్రాన తేల్చి చెప్పలేం కానీ, ముందు సరిచేసుకోవాల్సింది మాత్రం ఇదే.

చేయాల్సిన పని: వండగానే రెండంగుళాల లోతు మించని వెడల్పాటి డబ్బాల్లోకి సర్దండి. ఫ్యాన్ కింద అరగంట, ముప్పావు గంట ఉంచి ఫ్రిజ్‌లో పెట్టేయండి. మొత్తమ్మీద రెండు గంటలు, ఎండాకాలంలో గంట దాటనివ్వకండి. అన్నం ఒక్క రోజుకే ఉంచుకోండి, కుక్కర్లో రోజూ వండుకోవడానికి పట్టేది ఇరవై నిమిషాలే కదా. కూరలు, పప్పు, సాంబారు మూడు రోజులు. నాలుగో రోజుకు కావలసింది ఆదివారమే ఫ్రీజర్లోకి వెళ్ళిపోవాలి. తినేటప్పుడు ఆ పూటకు కావలసినంతే తీసి, పొగలు కక్కేదాకా, పులుసైతే మరిగేదాకా వేడి చేయండి. వేడి చేసి మిగిలింది మళ్ళీ లోపల పెట్టకండి.

మీ ఫ్రిజ్ నిజంగా చల్లగా ఉందా అన్నదీ చూడాలి. మధ్య అరలో గ్లాసు నీళ్ళలో థర్మామీటర్ వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున 4 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ చూపించాలి. పాత రకం ఫ్రిజ్‌లలో గుండ్రటి నాబ్ మీద 1 నుంచి 7 దాకా అంకెలుంటాయి, వాటిని డిగ్రీలనుకుని 2 మీద పెట్టేవాళ్ళున్నారు. అవి డిగ్రీలు కావు. చాలా ఫ్రిజ్‌లలో అంకె పెరిగేకొద్దీ చల్లదనం పెరుగుతుంది. తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగండి, తేలిగ్గా జారిపోతే తలుపు రబ్బరు వదులైంది. ఫ్రీజర్లో ఐసు గడ్డకడితే చాకుతో పొడవకండి. గొట్టానికి చిల్లు పడితే గ్యాస్ పోతుంది, ఇప్పటి చాలా ఫ్రిజ్‌లలో ఆ గ్యాస్ మండే రకం కూడా.

అసలు కూరలన్నీ ఆదివారమే వండేయాలని లేదు. ఎక్కువ సమయం మింగే తయారీ పనులు మాత్రం చేసి పెట్టుకుంటే వారమంతా తాజా వంటే తినవచ్చు. అల్లం వెల్లుల్లి ముద్ద, చింతపండు గుజ్జు, ఉడికించిన గోంగూర ఐసు ట్రేలలో పోసి గడ్డకట్టించి, డబ్బాలోకి మార్చుకోండి. ఒక్కో ముక్క ఒక పూటకు సరిపోతుంది. ఉల్లి, టమాటా వేయించిన మసాలా, ఉడికించిన శనగలు, రాజ్మా, తురిమిన కొబ్బరి ఫ్రీజర్లో నెల దాకా బాగుంటాయి. బంగాళదుంప కూర, పెరుగు కలిపిన కూరలు ఫ్రీజర్‌కు పనికిరావు. దుంప ఇసుకలా అవుతుంది, పెరుగు విరుగుతుంది. బెండకాయ ఇగురు, బీరకాయ కూర పావుగంటలో అయిపోయేవి, వాటిని రోజు వంటకే వదిలేయండి.

అడగకపోయినా ఒక మాట చెబుతాం. ఇద్దరూ సంపాదిస్తూ, ఆదివారం సగం రోజు ఒక్కరే వంటింట్లో నిలబడుతుంటే ఆ ఇంట్లో సమయం ఆదా అయినట్టు కాదు. తరగడం, డబ్బాల మీద తేదీ రాసి అంటించడం, గిన్నెలు తోమడం రెండో మనిషి పనులుగా ముందే పంచుకోండి.

ప్రశ్న: ఇండక్షన్ పొయ్యి పెట్టిన ప్లగ్ పాయింట్ నల్లబడి ప్లాస్టిక్ కరిగింది. పొయ్యి మార్చాలా? (ఒక పాఠకురాలు, నెల్లూరు)

మార్చాల్సింది పొయ్యి కాదు, సాకెట్. 2,000 వాట్ల పొయ్యి 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 యాంపియర్లు లాగుతుంది. ఫోను చార్జర్లకు, మిక్సీకి వాడే చిన్న సాకెట్ 6 యాంపియర్లది. ఎక్స్‌టెన్షన్ బాక్సు, కన్వర్టర్ పిన్ను పెట్టినా తీగ, సాకెట్ సామర్థ్యం పెరగదు, వేడి మాత్రం పెరుగుతుంది. ఎలక్ట్రీషియన్‌తో 16 యాంపియర్ల పవర్ పాయింట్ వేయించండి. బోర్డు నుంచి విడిగా, సాధారణంగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగుతారు, ఎర్తు తప్పకుండా ఇప్పించండి. కరిగిన పాయింట్‌ను అప్పటిదాకా దేనికీ వాడకండి. వంట అవగానే ప్లగ్ పీకేయడం కూడా మంచిది కాదు. లోపలి ఫ్యాన్ ఇంకా తిరుగుతూ సర్క్యూట్‌ను చల్లబరుస్తుంటుంది, అది ఆగాకే స్విచ్ ఆపండి. ఏ గిన్నె పనికొస్తుందో తెలియకపోతే అడుగున అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే పనిచేస్తుంది.

ప్రశ్న: పొద్దున ఏడున్నరకు సర్దిన పెరుగన్నం, కూర మధ్యాహ్నం ఒంటిగంటకు పాప తెరిచేసరికి వాసన వస్తున్నాయట. బాక్సు ఎంత తోమినా మూతకు అదే వాసన. (ఒక పాఠకురాలు, వరంగల్)

వేడి వేడి కూర బాక్సులో పెట్టి వెంటనే మూత బిగిస్తే ఆవిరి నీరై మీద పడుతుంది, ఐదు గంటలు అది గోరువెచ్చగానే ఉంటుంది. రెండు దార్లున్నాయి. మామూలు స్టీలు బాక్సైతే కూరను పళ్ళెంలో పరిచి పూర్తిగా చల్లార్చాకే సర్దండి. వేడి నిలిపే బాక్సైతే ముందు దాన్ని మరిగిన నీళ్ళతో నింపి ఐదు నిమిషాలు మూసి ఉంచి, నీళ్ళు పారబోసి, పొయ్యి మీంచి దించిన వంటను నిండుగా పెట్టండి. సగం ఖాళీగా ఉన్న బాక్సు త్వరగా చల్లారిపోతుంది.

పెరుగన్నానికి చల్లారిన అన్నంలో కాచి చల్లార్చిన పాలు ఎక్కువగా, పెరుగు రెండు చెంచాలు కలపండి. మధ్యాహ్నానికి తోడుకుని కమ్మగా ఉంటుంది, పులవదు. కొబ్బరి పచ్చడి, పచ్చికొబ్బరి వేసిన కూర ఎండాకాలం బాక్సులో పెట్టకండి.

మూత వాసనకు కారణం లోపలి సిలికాన్ రింగు. చెంచా తోకతో దాన్ని బయటికి లాగండి, గాడిలో నూనె, మెతుకులు కనిపిస్తాయి. వేడి నీళ్ళలో రెండు చెంచాల వంట సోడా కలిపి రింగును, మూతను అరగంట నానబెట్టి పాత బ్రష్‌తో గాడి తోమి, విడివిడిగా ఎండలో ఆరబెట్టండి. తడి రింగును బిగించకండి. వారానికి ఒకసారి చేస్తే చాలు. అప్పటికీ వాసన పోకపోతే రింగు మార్చండి, చాలా కంపెనీలు విడిగా అమ్ముతాయి.